సెల్ఫ్ తిరిగినా అందుకోని కారు: ఇంధన పంపు, ఫిల్టర్ లోపాల నిర్ధారణ

వ్యాససంగ్రహం:
కారు స్టార్ట్ కానప్పుడు అనుమానం తొలుత ఫిల్టర్ మీదికో ఇంధన పంపు మీదికో పోవడం పరిపాటి. ఈ రెండూ చెడే తీరు ఒకటి కాదు. రెండింటి లక్షణాలను అనుకరించే ఇతర లోపాలూ ఉన్నాయి. విడిభాగాన్ని మార్చకముందే లోపం ఏ దశలో ఉందో తేల్చుకునే క్రమాన్ని ఈ వ్యాసం పెట్రోల్ కార్లను ప్రధానంగా తీసుకుని వివరిస్తుంది. డీజిల్ కార్ల ప్రత్యేకతను క్లుప్తంగా స్పృశిస్తుంది.

కీలకపదాలు: ఇంధన పంపు, ఫిల్టర్, రిలే, పీడనం, సెల్ఫ్, వృత్తిపదాలు.

ఉపోద్ఘాతం:
"కారు స్టార్ట్ కావడం లేదు" అనే వాక్యం నిర్దుష్టమే గాని, అది మెకానిక్‌కు అందించే సమాచారం స్వల్పం. దాని వెనుక కనీసం మూడు స్థితులున్నాయి. తాళం తిప్పినా సెల్ఫ్ తిరగకపోవడం మొదటిది. సెల్ఫ్ చురుకుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం రెండవది. అందుకుని, రెండు మూడు క్షణాల్లో ఆగిపోవడం మూడవది. మొదటి స్థితికి బ్యాటరీ, స్టార్టర్ మోటారు, వాటి తీగలు కారణం. ఇంధనంతో దానికి సంబంధం లేదు. ఇంధన వ్యవస్థను శంకించవలసింది మిగిలిన రెండింటిలోనే. మెకానిక్ షెడ్లలో వినిపించే "సెల్ఫ్ కొడుతోంది గాని అందుకోవట్లేదు", "పెట్రోల్ అందట్లేదు", "కచరా అడ్డుపడింది" వంటి మాటలు ఈ భేదాలను చక్కగా పట్టి ఇస్తాయి. భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో 1962లో వ్యవసాయ పదాల సంపుటంతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం తరహా కృషికి ఈ షెడ్ల భాష కూడా తగిన క్షేత్రమే. వాహనదారుడు వాడే మాట ఎంత కచ్చితంగా ఉంటే, అనవసరంగా విప్పే భాగాల సంఖ్య అంత తగ్గుతుంది.

ఇంధన మార్గం - పాత, కొత్త పద్ధతులు:
1983 చివర మార్కెట్లోకి వచ్చిన మారుతి 800 వంటి కార్లలో కార్బొరేటర్ ఉండేది. దానికి పెట్రోల్ అందించే పంపు ఇంజిన్‌కే అమర్చిన చిన్న డయాఫ్రమ్ పంపు. ఇంజిన్ తిరిగితేనే అది పనిచేస్తుంది. దాని పీడనం ఒక బార్‌లో మూడో వంతుకు మించదు. పైపు ఊడదీసి, సెల్ఫ్ కొట్టి పెట్రోల్ చిమ్ముతోందో లేదో చూసే అలవాటు ఆ రోజులది. ఇంధనాన్ని ఇంజెక్టర్లతో చల్లే నేటి కార్లలో విద్యుత్ పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. అది ఇచ్చే పీడనం చాలా కార్లలో 3 బార్లకు అటూ ఇటుగా ఉంటుంది. పాత అలవాటును ఈ కార్లకు వర్తింపజేయడం ప్రమాదకరం: వేడి ఇంజిన్ మీద అంత పీడనంతో చిమ్మిన పెట్రోల్ అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. పైపు విప్పక తప్పనప్పుడు, ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే ముందుగా పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అది ఆగేవరకు నడపాలి. అప్పుడు పైపులోని పీడనం చాలావరకు తగ్గుతుంది.

వినడంతో మొదలయ్యే పరీక్ష:
తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా 'ఆన్' దగ్గర ఆపితే, చాలా కార్లలో పంపు రెండు మూడు సెకన్లు పనిచేసి ఆగుతుంది. వెనుక సీటు ప్రాంతంలో చెవి ఆనిస్తే సన్నని ఝుంకారం వినిపిస్తుంది. ఈ ఒక్క శబ్దం వినిపించడమా వినిపించకపోవడమా అన్నదాన్ని బట్టి తదుపరి మార్గం రెండుగా చీలుతుంది.

శబ్దం వినిపించకపోతే పంపు చెడిందని వెంటనే తీర్మానించరాదు. పంపుకు కరెంటు చేరుతోందా అన్నది ముందు ప్రశ్న. ఫ్యూజు, రిలే, ట్యాంకు వద్ద కనెక్టర్, ఎర్తు తీగ అనే క్రమంలో చూడాలి. ఫ్యూజు పెట్టెలో అదే రకం రిలే మరొకటి ఉంటే, రెండింటినీ మార్చి చూడటం ఖర్చులేని పరీక్ష. కొన్ని కార్లలో ఢీకొన్నప్పుడు పంపును ఆపే స్విచ్ ఉంటుంది. పెద్ద గుంతలో పడిన కుదుపుకు కూడా అది తెగవచ్చు. ఆ మీట నొక్కితే చాలు, వేలల్లో అయ్యే ఖర్చు తప్పుతుంది. 'ఆన్' చేసిన ఆ రెండు మూడు సెకన్లలో మల్టీమీటరు కనెక్టర్ వద్ద 12 వోల్టుల దరిదాపు చూపి, ఎర్తు సరిగా ఉండి, పంపు మాత్రం కదలకపోతే అప్పుడు దోషం పంపుదే. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినప్పుడు పంపు తిరగడం మొదలైతే, మోటారు లోపలి బ్రష్షులు అరిగాయని అర్థం. అది ఇల్లు చేరడానికి పనికివచ్చే ఉపాయమే గాని మరమ్మతు కాదు.

శబ్దం వినిపించినంత మాత్రాన పంపు నిర్దోషి అని కూడా అనలేము. తిరగడం వేరు, పీడనం ఇవ్వడం వేరు. దీన్ని పీడనమాపకం మాత్రమే తేల్చగలదు. నిర్దేశించిన పీడనం రాకపోతే పంపు, పీడన నియంత్రకం, ఫిల్టర్ ఈ మూడింటిలో ఒకటి కారణం. పీడనం వచ్చి, కారు ఆపగానే పడిపోతుంటే వెనక్కి మరలకుండా ఆపే కవాటమో, ఇంజెక్టరో కారుతోంది. ఉదయం ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టవలసి రావడం ఇటువంటి కార్ల లక్షణం. తాళాన్ని రెండు మూడుసార్లు 'ఆన్' చేసి, ఆపి, ఆ తరువాత సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటే ఈ అనుమానం బలపడుతుంది.

ఫిల్టర్‌పై మోపే నింద:
షెడ్డుకు చేరిన కారులో మొదట మారేది ఫిల్టరే. అది చవక కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అయితే ఫిల్టర్ మూసుకుపోవడం సాధారణంగా క్రమక్రమంగా జరిగేది. ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు బండి ఈడ్చడం, కుదుపులివ్వడం వారాల ముందే కనిపిస్తాయి. ఇంజిన్‌కు అత్యధిక ఇంధనం కావలసింది అప్పుడే. స్టార్ట్ చేయడానికి కావలసింది అతి స్వల్పం. నిన్న సాయంత్రం దాకా నిక్షేపంగా నడిచిన కారు ఈ ఉదయం అందుకోకపోతే, ఫిల్టర్ కంటే విద్యుత్ లోపాన్నే ముందు శంకించడం న్యాయం. పైగా ఇటీవలి అనేక పెట్రోల్ కార్లలో ఫిల్టర్ పంపుతో కలిసి ట్యాంకులోనే ఉంటుంది. దాన్ని విడిగా మార్చే వీలు అన్నింటిలోనూ ఉండదు.

పోలిక వల్ల కలిగే భ్రమలు:
క్రాంక్ సెన్సర్ చెడితే ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు తెలియదు. పంపు తొలి రెండు సెకన్లు పనిచేసి ఆగిపోతుంది, ఇంజెక్టర్ తెరుచుకోదు, నిప్పురవ్వా రాదు. ఈ దోషం పంపు ఖాతాలో పడటం తరచుగా జరిగేదే. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజిన్ వేగసూచి ముల్లు ఏమాత్రం కదలకపోవడం చాలా కార్లలో దీనికి సూచన. స్పార్క్ ప్లగ్గు విప్పి చూడటం మరో పరీక్ష: తడిగా ఉంటే పెట్రోల్ చేరుతోంది, లోపం మరోచోట ఉంది, ఎంతసేపు తిప్పినా పొడిగానే ఉంటే ఇంధనం చేరడం లేదు. ఇక ట్యాంకులో పెట్రోల్ ఉందా అన్న ప్రశ్న హాస్యాస్పదం కాదు. మట్టాన్ని తెలిపే తేలుడు పరికరం పంపు అమరికలోనే ఉంటుంది. అది ఇరుక్కుంటే ఖాళీ ట్యాంకు కూడా సగం నిండినట్లు చూపుతుంది.

పంపును చల్లబరిచేది దాని చుట్టూ, దాని గుండా పారే పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే కార్లలో పంపు త్వరగా అలసిపోవడానికి ఇదే హేతువు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కొంత నీటిని తనలో ఇముడ్చుకోగలదు. హద్దు మీరితే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పీల్చేది అడుగునుంచే గనుక, నెలల తరబడి కదలని కారులో ఈ సంగతిని పరిగణించాలి.

డీజిల్ కార్లు:
ఇక్కడ ఫిల్టర్ ప్రాముఖ్యం వేరు. అది మలినాలతోపాటు నీటినీ వేరుచేస్తుంది. అడుగున చేరిన నీటిని ఎప్పటికప్పుడు వదలాలి. ఫిల్టర్ మార్చిన మరునాడే కారు అందుకోకపోతే కొత్త ఫిల్టర్‌ను తప్పుపట్టే ముందు "ఎయిర్ పట్టిందా" అని చూడాలి. చేతి పంపు ఉన్న కార్లలో అది గట్టిపడేవరకు నొక్కి గాలిని వెళ్లగొట్టవచ్చు. ఇది ట్యాంకు నుంచి ఫిల్టర్ మీదుగా పోయే అల్పపీడన మార్గానికే పరిమితం. కామన్ రైల్ ఇంజిన్లలో అధికపీడన పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టే పాత డీజిల్ పద్ధతిని ఎన్నటికీ అనుసరించరాదు. ఇంజిన్ నడిచేటప్పుడు వాటిలో పీడనం వెయ్యి బార్లు దాటవచ్చు. సూదిలా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి గాయం చీమ కుట్టినంతే కనిపించినా, దానికి ఆలస్యం లేకుండా శస్త్రచికిత్స అవసరం కావచ్చు.