పాఠశాల సంఘములో ఆటపుస్తకము: ఎంతవరకు పంచుకొనవచ్చును?

బల్ల చుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. అందులో ఒకరు సూత్రధారి. "మీరు వాగు దాటి కోట గుమ్మము చేరినారు. తలుపు మూసియున్నది. ఏమి చేయుదురు?" అని సూత్రధారి అడుగును. ఒకడు తలుపు పగులగొట్టుదును అనును. ఇంకొకతె కావలివానితో మాట కలుపుదును అనును. తలపెట్టిన పని నెగ్గినదో లేదో పాచిక వేసి తేల్చుకొందురు. కథ అక్కడినుండి ముందుకు సాగును. దీనిని పాత్రధారణ ఆట అందురు. వీధి నాటకమునకును అష్టాచెమ్మాకును నడుమ ఎక్కడనో దీని స్థానము. అచ్చుపుస్తకము రూపమున ఈ ఆట మొదట అమెరికాలో 1974లో వెలువడినది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు కూర్చిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను నియమావళి ఈ తరహా ఆటలన్నింటికి మొదలు.

ఆటకు కావలసిన సరంజామా కొద్దిపాటిదే: నియమముల పుస్తకము, పాచికలు, ఒక్కొక్క పాత్ర బలాబలములను వ్రాసికొను పత్రము, కోటల పటములు, కథ. ఇవన్నియు ఈనాడు ఎలక్ట్రానిక్ రూపమున దొరకుచున్నవి. చిక్కు అచ్చటనే మొదలగుచున్నది.

మేడ్చల్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో ఇట్టి సంఘము ఒకటి ఉన్నదనుకొనుడు. ఉపాధ్యాయిని తన సొమ్ముతో నియమముల పుస్తకమును పి.డి.ఎఫ్. రూపమున ఒక ప్రతి కొన్నారు. సంఘములో ఇరువదిమంది పిల్లలు. శామీర్‌పేటలోని మరియొక పాఠశాలవారు కూడ సంఘము పెట్టదలచి, "ఆ పుస్తకము మాకును పంపండి" అని అడిగినారు. మేడ్చల్ నిజామాబాదు రైలుమార్గము మీద, శామీర్‌పేట కరీంనగరు రహదారి మీద ఉన్నవి. రెంటిని కలుపుచు అవుటర్ రింగు రోడ్డు పోవుచున్నది. పుస్తకము కాగితపుదే అయినచో, ఎవరో ఒకరు సంచిలో వేసికొని బస్సెక్కి ఇచ్చి వచ్చెడివారు. చట్టము అడ్డు చెప్పదు. ఒకసారి అమ్ముడుపోయి చెలామణిలోనికి వచ్చిన ప్రతిని కొన్నవారు ఎరువిచ్చుకొనవచ్చును, మరల అమ్ముకొనవచ్చును. అదే పుస్తకమును ఫోను మీద వ్రేలు తాకించి పంపినచో మాత్రము సంగతి మారును. ఎందువలన?

ఎలక్ట్రానిక్ పుస్తకమును "పంపుట" అను మాటయే సరియైనది కాదు. ఇక్కడినుండి అక్కడికి పోవు వస్తువు ఏదియు లేదు. మేడ్చల్ యంత్రములోని సున్నల, ఒకట్ల వరుసను చూచి, శామీర్‌పేట యంత్రము అట్టి వరుసనే తనలో క్రొత్తగా వ్రాసికొనును. మొదటిది చెక్కు చెదరక అచ్చటనే ఉండును. రెండవది దానికి ఏ విధముగను తీసిపోదు. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకుడు అక్షరములు జారవిడుచుట కద్దు. ప్రతికి ప్రతి వ్రాసిన కొలది తప్పులు పెరుగును. యంత్రము వ్రాసిన వేయవ ప్రతి సైతము మొదటి ప్రతియే. కాగితపు పుస్తకము చేతులు మారినప్పుడు ఇచ్చినవాని అర ఖాళీ అగును. ఇచ్చట ఇద్దరి అరలును నిండియుండును. కావున చట్టము దృష్టిలో మొదటిది ఎరువు, రెండవది ముద్రణ. భారత కాపీరైటు చట్టము, 1957, దాని 14వ సెక్షనులో ప్రతి తీయుటను గ్రంథకర్తకే చెందిన హక్కుగా పేర్కొన్నది. ఎలక్ట్రానిక్ సాధనములో నిలువచేయుట కూడ ప్రతి తీయుటయే అని అచ్చటనే చెప్పినది.

అట్లని పాఠశాలకు ద్వారములన్నియు మూసుకొనిపోలేదు. చట్టము కాపాడునది గ్రంథకర్త వాడిన మాటలను, కూర్పును, బొమ్మలను; ఆలోచనను కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ అను కేసులో సుప్రీంకోర్టు ఈ భేదమును విశదపరచినది. ఇరువది ముఖముల పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర బలమును కూడి, నిర్ణీత సంఖ్యను దాటినదేమో చూచుట ఒక పద్ధతి. పద్ధతికి యజమాని లేడు. పులిజూదము నియమములు ఎవరి సొత్తు? నియమములను చదివి అర్థము చేసికొన్న విద్యార్థి వాటిని తన మాటలలో, తన ఉదాహరణములతో నాలుగు పుటలలో వ్రాసినచో, ఆ నాలుగు పుటలు ఆ విద్యార్థివే. వాటిని శామీర్‌పేటకే కాదు, ఎచ్చటికైనను పంపవచ్చును. పిల్లలకు ఇంతకంటె మంచి వ్యాసరచన అభ్యాసము కూడ దొరకుట కష్టము.

చట్టమే కొన్ని మినహాయింపులను ఇచ్చినది. 52వ సెక్షను ప్రకారము స్వంత ఉపయోగమునకై న్యాయమైన మేరకు వాడుకొనుట తప్పు కాదు. బోధనా క్రమములో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ప్రతి తీయుట తప్పు కాదు. పాఠశాల కార్యక్రమములలో భాగముగ సిబ్బందియు విద్యార్థులును ఒక రచనను ప్రదర్శించుట, చూచువారు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, ఆ కార్యక్రమములతో సంబంధము గలవారు మాత్రమే అయినంతవరకు, తప్పు కాదు. కావున ఉపాధ్యాయిని తాను కొన్న పుస్తకములోని వర్ణనలను బల్ల దగ్గర బిగ్గరగా చదివి ఆట నడిపించుటకు అడ్డులేదు.

"బోధనా క్రమము" అను మాట ఎంత దూరము సాగును? ఢిల్లీ విశ్వవిద్యాలయములో పాఠ్యభాగములను జెరాక్సు తీసి సంపుటములుగా కట్టి ఇచ్చుటపై ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మున్నగు ప్రచురణకర్తలు దావా వేసినారు. 2016లో ఢిల్లీ హైకోర్టు బోధన అనగా తరగతిలో ఉపన్యసించుట మాత్రమే కాదని, చదువు సాగు కాలమంతయు అందులో చేరునని తీర్పు చెప్పినది. పాఠశాలలకు ఇది పెద్ద అండ. అయినను ఆ కేసు పాఠ్యప్రణాళికలోని భాగములకు సంబంధించినది. సాయంకాలపు ఆటసంఘము కొరకు పుస్తకమునంతటిని ఇరువది ప్రతులు తీసి, పై పాఠశాలకు కూడ పంపి, ఈ తీర్పును చూపుట వాదమునకే గాని వివేకమునకు నిలువదు. తరగతి తెర మీద ఒకే ప్రతిని చూపి ఆడుట మేలు. ఇట్టి సంశయములు గల ఉపాధ్యాయులకు న్యాయశాస్త్రము దూరమున లేదు: 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే ఉన్నది.

అసలైన దారి వేరొకటి కలదు. గ్రంథకర్తయే ముందుగా అందరికి అనుమతి ఇచ్చివేయుట. క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2002 నుండి ఇందుకు తగిన అనుమతిపత్రములను తయారుచేసి ఇచ్చుచున్నది. "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీవారు 2000వ సంవత్సరములో తమ మూల నియమములను వేరొక అనుమతిపత్రము క్రింద ఇతరులు వాడుకొననిచ్చిరి. 2023 జనవరిలో ఆ పత్రము షరతులను బిగించబోవుచున్నారను వార్త పొక్కగా ఆటగాండ్రు పెద్ద పెట్టున నిరసన తెలిపిరి. ఆ నెలాఖరునకే కంపెనీవారు వెనుకకు తగ్గి, సుమారు 400 పుటల నియమసంగ్రహమును క్రియేటివ్ కామన్స్ పత్రము క్రింద విడుదల చేసిరి. ఒకసారి ఇచ్చిన ఈ అనుమతిని, షరతులు పాటించినంతకాలము, వెనుకకు తీసికొనుట సాధ్యము కాదు.

షరతు చిన్నది. మూలము ఎవరిదో, ఏ అనుమతిపత్రము క్రింద వచ్చినదో, తాము ఏమి మార్పులు చేసినారో తెలుపవలెను. అంతే. మేడ్చల్ నుండి శామీర్‌పేటకు ఆ సంగ్రహమును నిరభ్యంతరముగ పంపవచ్చును. అచ్చువేసి పంచవచ్చును. ఇంకను ముఖ్యమైనది, తెలుగులోనికి తర్జుమా చేయవచ్చును. అనువాదము కూడ 14వ సెక్షను ప్రకారము గ్రంథకర్త హక్కే. కొన్న పుస్తకమును అనుమతి లేక తెలుగుచేసి పంచుట, ప్రతి తీసి పంచుటతో సమానము. ఫ్రెంచి, జర్మను, ఇటాలియను, స్పానిషు కూర్పులను 2023లో కంపెనీయే వెలువరించినది. తెలుగు ఆ జాబితాలో లేదు. తెలుగు మాధ్యమపు పిల్లవానికి ఈ ఆట అందవలెనన్నచో ఎవరో ఒకరు తెలుగుచేయక తప్పదు. ఆ పని చేయుటకు ఈనాడు పాఠశాల సంఘమునకు సంపూర్ణమైన హక్కు ఉన్నది.

రెండు జాగ్రత్తలు చాలును. ఈ పత్రము ఆట పేరును, చిహ్నమును వాడుకొనుటకు అనుమతి నీయదు. తెలుగు పుస్తకమునకు సంఘము తన పేరే పెట్టుకొనవలెను. రెండవది, క్రియేటివ్ కామన్స్ పత్రములన్నియు ఒకటి కావు. కొన్నింటిలో వ్యాపారము నిషిద్ధము. కొన్నింటిలో "మార్పులు కూడదు" అని ఉండును. అట్టిదాని అనువాదమును పంచరాదు. తెలుగు వికీపీడియా వ్యాసముల పత్రములో, వాటిని మార్చి పంచినచో అదే షరతుతో పంచవలెనని ఉన్నది. కీసరగుట్ట మీది విష్ణుకుండినుల కోటను కథాస్థలముగా చేసి, వికీపీడియాలోని వర్ణనను ఎత్తి వ్రాసిన బాలిక, తన కథనుకూడ అదే షరతుతో ఇతరులకు ఇవ్వవలసి వచ్చును. కోటను కొండనెక్కి స్వయముగా చూచి వ్రాసినచో ఆ బాధ లేదు.

తెలుగు ప్రతిని పంచుకొనునప్పుడు ఇంకొక చిక్కు ఎదురగును. అది చట్టమునకు సంబంధించినది కాదు. పాత ముద్రణ ఫాంట్లలో తెలుగు అక్షరమునకు ఇంగ్లీషు అక్షరపు సంకేతమునే వాడెడివారు. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో అర్థములేని గుర్తులు కనబడును. మేడ్చల్‌లో టైపు చేసినది శామీర్‌పేటలో చదువుటకు రాదు. యూనికోడ్ పద్ధతిలో తెలుగు గుర్తులకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. అందులో టైపు చేసినది ఎచ్చటనైనను తెలుగుగనే కనబడును. సాధారణముగా ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు పట్టును. కంటికి ఒకే అక్షరముగా కనబడు "స్త్రీ"లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘము అని ఆరు గుర్తులున్నవి. అనగా 18 బైట్లు. పుటకు 2000 గుర్తుల చొప్పున 400 పుటలు లెక్కవేసినచో 24 లక్షల బైట్లు, అనగా రెండున్నర మెగాబైట్లకు లోపు. అదే పుస్తకమును పుటకు అర మెగాబైటు చొప్పున ఫొటోలు తీసి పంపినచో 200 మెగాబైట్లు. ఫొటోలో మాట వెదకుటకు వీలుండదు, తప్పు దిద్దుటకును వీలుండదు. పేద పిల్లవాని ఫోనులో ఏది పట్టునో వేరుగ చెప్పనక్కరలేదు.

పాచికల సంగతి సులభము. ఇరువది ముఖముల పాచిక మన అంగళ్లలో అరుదు. ఐదు చింతపిక్కల అరబద్దలు చాలును. వాటికి వరుసగా 1, 2, 4, 8, 16 అని విలువలు వ్రాసి వేసి, తెల్లగా పడినవాటి విలువలను కూడినచో 0 నుండి 31 వరకు ఏదో ఒక సంఖ్య వచ్చును. 1 నుండి 20 లోపలిదైన తీసికొనుట, కానిచో మరల వేయుట. 32కు 20 పర్యాయములు పని జరుగును గావున సగటున ఒకటిన్నర కంటె కొంచెము ఎక్కువగా, 1.6 మార్లు, వేయవలసివచ్చును. పిక్క ఒకవైపే మొగ్గు చూపుననుకొన్నచో, 1951లో జాన్ వాన్ నాయ్‌మన్ చెప్పిన ఉపాయము కలదు: ఒక్కొక్క పిక్కను రెండుమార్లు వేయవలెను. తెలుపు తరువాత నలుపు వచ్చిన తెలుపుగను, నలుపు తరువాత తెలుపు వచ్చిన నలుపుగను ఎంచి, రెండును ఒకటే అయినచో మరల వేయవలెను. మొగ్గు ఎంతయున్నను ఈ రెండు వరుసల సంభావ్యత సమానమే. ఎనిమిదవ తరగతివారు దీనిని నూరు మార్లు వేసి పట్టిక కట్టి చూడవచ్చును.

ఇక పిల్లలు స్వయముగా సృష్టించినవి. శామీర్‌పేట చెరువుగట్టు మీద నడచు కథ, చెరువులోని మొసలికి గీసిన బొమ్మ, పాత్ర పత్రము మీద వ్రాసిన పూర్వకథ వీటికి కూడ కాపీరైటు ఉన్నది. రిజిస్టరు చేయనక్కరలేదు, వయస్సుతో పనిలేదు. వ్రాసిన క్షణముననే అది వ్రాసినవారిది. సంఘములో వ్రాసినంత మాత్రమున సంఘము సొత్తు కాదు. పెద్దవారి పుస్తకము విషయమున ఇంత విచారించు ఉపాధ్యాయులు, పిల్లవాని బొమ్మను అడుగకనే పై పాఠశాలకు పంపివేయుట తరచు జరుగును. అడిగి, ఒప్పుకొన్నచో, క్రింద వారి పేరు వేసి పంపవలెను. పాత్ర పత్రము మీద ఫోను నెంబరు వంటివి ఉన్నచో మొదటనే తీసివేయవలెను.

తర్జుమా ఇద్దరు ముగ్గురు పంచుకొన్నప్పుడు ఒకే మాటకు ఒకరు "కవచబలము" అనియు, మరొకరు "రక్షణాంకము" అనియు వ్రాయుదురు. ముందుగా ఒక పదముల పట్టిక వ్రాసికొని రెండు పాఠశాలలవారును దానినే వాడవలెను. ప్రతి కూర్పు పైనను సంఖ్యయు తేదీయు వేయవలెను. లేనిచో మేడ్చల్‌వారు మూడవ కూర్పుతోను, శామీర్‌పేటవారు ఒకటవ కూర్పుతోను ఒకే బల్ల చుట్టు కూర్చుండి, కోట తలుపు తెరచుకొన్నదో లేదో తేలక తగవుపడుదురు.