మగవేషం, పగ, చందుపట్ల రాయి

కౌబాయ్ కథల్లో ఒక పాత మలుపు ఉంటుంది. తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ కూతురు జుట్టు కత్తిరించుకుని, టోపీ పెట్టుకుని గుర్రమెక్కుతుంది. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' చూసిన మనకు ఆ గుర్రాలూ తుపాకులూ కొత్తేం కాదు. అలాంటి నవల రాయాలని ఉబలాటపడే అమ్మాయిలూ, టెక్సాస్ దాకా ఎందుకు? నకిరేకల్ దగ్గరి చందుపట్లకు ఒకసారి వెళ్లిరండి.

అక్కడి శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దానం చేశాడని చెబుతుంది. ఎవరు చంపారో మాత్రం చెప్పదు. కాయస్థ అంబదేవుడితో పోరులోనే పోయిందని చరిత్రకారుల ఊహ.

కొడుకుల్లేని గణపతిదేవుడు ఆమెకు రుద్రదేవ మహారాజని మగపేరు ఇచ్చాడు. మీసం అతికిస్తే మగవేషం అయిపోతుందా చెప్పండి! నెలసరి రోజుల్లో దండు డేరాలో ఆమె ఏం చేసింది? నిండు చూలాలుగా కొలువులో ఎలా కూర్చుంది? శాసనాల్లో దొరకనివి ఇవే, కథకు కావలసినవీ ఇవే.

అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'లో పాత పాలమూరు జిల్లా వడ్డెమాను గజదొంగ నాయకుడయ్యాడు. పగ తీర్చుకునే వంతు మనవడు ప్రతాపరుద్రుడిది. 1291లో అంబదేవుడి మీదికి దండు నడిపాడు. అతణ్ణి కన్నది రుద్రమ కూతురు ముమ్మడమ్మ. ఆమె కొడుకునే రుద్రమ దత్తత తీసుకుంది. తల్లి పోయింది, కొడుకు తల్లికి కొడుకయ్యాడు. నన్నడిగితే గుర్రమెక్కవలసింది ముమ్మడమ్మే.