కష్టమైన మాట ఎలా మొదలుపెట్టాలి?

పదో తరగతి అయ్యాక ఇంట్లో అందరూ ఎంపీసీ అనుకుంటున్నప్పుడు, హెచ్‌ఈసీ తీసుకుంటానని నాన్నతో చెప్పాలంటే గొంతు ఎండిపోతుంది, గుండె దడదడలాడుతుంది. అది పిరికితనం కాదు. గొడవ జరగబోతోందనిపించగానే మెదడులోని అమిగ్డలా ప్రమాదమని హెచ్చరిస్తుంది. అడ్రినలిన్ విడుదలై శరీరం పోట్లాటకో పరుగుకో సిద్ధమవుతుంది, నిదానంగా ఆలోచించడం కష్టమవుతుంది. ఊపిరి మెల్లగా వదిలితే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ముందు ఊపిరి, తర్వాత మాట.

మొదలుపెట్టిన తీరు మీదే చాలా ఆధారపడి ఉంటుంది. అమెరికాలో సిబిల్ కరేర్, జాన్ గాట్‌మన్ 124 కొత్త జంటల వాదనలను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించారు. మొదటి 3 నిమిషాలను బట్టే ఏ జంటలు విడిపోతాయో చాలావరకు అంచనా వేయగలిగారు. “మీరెప్పుడూ నా మాట వినరు” అంటే అది నింద. విన్నవారు వెంటనే తమను సమర్థించుకోవడంలో పడతారు. “నాన్నా, గ్రూపు సంగతి మీతో చెప్పాలంటే భయంగా ఉంది” అన్నప్పుడు ఖండించడానికి ఏమీ ఉండదు.

వేళ కూడా చూసుకోవాలి. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న మనిషిని గుమ్మంలోనే ఆపకూడదు. చుట్టాల ముందు ఎత్తితే మరీ చేటు, పరువు అడ్డొస్తుంది. “భోజనాలయ్యాక కాసేపు మాట్లాడొచ్చా?” అని ముందే అడిగితే వారికీ సిద్ధపడే వ్యవధి దొరుకుతుంది.

చెప్పాక ఆగి వినడమే అన్నింటికన్నా కష్టం. “ఉద్యోగం రాదేమోనని మీ భయం, అంతేనా?” అని అడిగితే తమ మాట చెవిన పడిందని పెద్దలకు తెలుస్తుంది. విషయం ఆ రాత్రే తేలకపోతే, మళ్లీ ఎప్పుడు కూర్చోవాలో అనుకుని లేవవచ్చు.