వైరులో పాట, గాల్లో పాట

అమ్మడూ, నువ్వడిగింది చిన్న ప్రశ్నే. ఇంట్లో పాటలు వినడానికి బ్లూటూత్ స్పీకరు మంచిదా, వైరు తగిలించేది మంచిదా, పెన్‌డ్రైవ్ పెట్టుకునేది మంచిదా అని. అమలాపురంలో ఏ షాపు కుర్రాణ్ణి అడిగినా "ఆయ్, బ్లూటూతేనండి, ఇప్పుడంతా అదే" అంటాడు. మీ నాన్నేమో వైరును మించింది లేదంటాడు. ఇద్దరూ దారి గురించే మాట్లాడుతున్నారు. ఆ దారిన వచ్చే సరుకేమిటో ఎవరూ అడగరేం?

సీడీలో పాటంటే అంకెల వరస. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్లలో రాస్తారు. కుడికీ ఎడమకీ చెరో వరస. గుణించి చూడు, సెకనుకు 14,11,200 బిట్లు. అన్నిసార్లు కొలవడం దేనికంటే, మనిషి చెవి మహా అయితే సెకనుకు 20,000 కంపనాల దాకా పసిగడుతుంది. దాన్ని సరిగ్గా పట్టాలంటే రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. నా వయసు చెవికి అందులో సగం అందినా గొప్పే, అది వేరే సంగతి.

మామూలు బ్లూటూత్‌లో పాటను పంపే పద్ధతి పేరు ఎస్‌బీసీ. అందులో సెకనుకు 3,28,000 బిట్లకు మించి సాధారణంగా వెళ్లవు. అంటే సీడీ సరుకులో నాలుగోవంతు కంటే తక్కువ. మిగతాది ఏమైనట్టు? అంబాజీపేటలో కొబ్బరికాయకి డొక్క ఒలిచి లారీకెక్కిస్తారు చూడు, అదే పని ఇక్కడా. ఒక శబ్దం గట్టిగా మోగుతున్నప్పుడు, దానికి దగ్గరి శ్రుతిలో సన్నగా పలికేది మన చెవికి అందదు. అందనిదాన్ని మోయడం దేనికని తీసేస్తారు. ఎంపీ3 చేసేదీ ఇదే. చిక్కేమిటంటే, ఒలిచిన డొక్క మళ్లీ కాయకు అతకదు. ముందే బాగా ఒలిచేసిన ఎంపీ3 పాటను బ్లూటూత్‌లో పంపితే సాధారణంగా ఇంకోసారి ఒలుస్తారు, ఈసారి కొబ్బరికే కత్తి తగలొచ్చు. ఫ్లాక్ అని ఇంకో రకం ఉంది. అందులో ఒక్క అంకె కూడా పోదు, ఫైలు మాత్రం సుమారుగా సగానికి తగ్గుతుంది.

అయినా కంగారు పడకు. మన రాజోలు వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గొంతు కోనసీమకు ఎలా చేరిందనుకున్నావు? ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే వచ్చే భక్తిరంజని వెనక ఆయన కృషి ఉంది. అదంతా మీడియం వేవ్. ఆ రోజుల్లో ఇళ్లలో ఉన్న రేడియోల్లో 5,000 కంపనాలకు పైనున్నది దాదాపు వినపడేదే కాదు. పైగా ఉరుమొస్తే గరగర. ఆ గొంతుకు ఊళ్లకు ఊళ్లు మైమరచిపోయాయి. అలాంటి పాత రికార్డింగులు వినడానికి ఈనాటి మామూలు బ్లూటూత్ చాలు, నా లెక్కలో చాలినంత కంటే ఎక్కువే.

బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు ఒక ఛానల్ నుంచి ఇంకో ఛానల్‌కు గెంతుతుంది. పక్కింటి వైఫై అడ్డొచ్చినా పాట ఆగకుండా ఉండేది అందుకే. ఇలా గెంతే ఉపాయానికి 1942లో హెడీ లమార్ అనే సినిమా నటి, ఒక సంగీత దర్శకుడితో కలిసి పేటెంట్ తీసుకుంది! బ్లూటూత్ నేరుగా అందులోంచి పుట్టలేదు గానీ, ఆలోచన ఆ జాతిదే. దీని తరంగాలకు నీళ్లంటే పడదు. మన ఒంట్లో ఉన్నదీ ఎక్కువ నీళ్లే కాబట్టి ఫోనుకూ స్పీకరుకూ మధ్య నలుగురు నిలబడితే పాట తెగుతుంది. మండువా ఇంట్లో వాకిలి మీదుగా బాగానే పోతుంది. లావుపాటి గోడలు రెండు దాటమంటే మొరాయిస్తుంది.

కానీ నీ వయొలిన్ సాధనకు మాత్రం బ్లూటూత్ వద్దు. పాటను కుదించి, పంపి, విప్పేసరికి సెకనులో ఐదో వంతు ఆలస్యం కావచ్చు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే తాళం వేసేవాడు నీకు 68 మీటర్ల దూరంలో కూర్చున్నాడన్నమాట. ఇంక లయ ఏం నిలుస్తుంది? అక్కడ మీ నాన్న మాటే రైటు, వైరే పెట్టుకో.

వైరుకీ దాని జబ్బులు దానికున్నాయి. ఫోను చార్జింగులో ఉండగా ఆక్స్ వైరు పెడితే ఒక్కోసారి బుయ్యిమంటుంది. చార్జరు తీసి చూడు, ఆగితే దోషం అక్కడే. ఆ మోత వదిలించుకోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేవాళ్లున్నారు. మన తడినేల మీద అది ప్రాణాలతో చెలగాటం. ఇంకొకటి, మన ఉప్పుగాలికి పిన్నులు నల్లబడి చిటపటలాడతాయి, అప్పుడప్పుడు తుడవాలి.

యూఎస్‌బీ వైరులో వచ్చేది ఇంకా అంకెలే. వాటిని విద్యుత్ తరంగంగా మార్చే చిప్పును డాక్ అంటారు. అది కంప్యూటర్ లోపలి రొదకు దూరంగా బయట పెట్టెలో ఉండటమే యూఎస్‌బీ డాక్ గొప్ప. ఇక బంగారు పూత వైరని వేలు తీసుకుంటారే, అంకెలు సరిగ్గా చేరాక బంగారమైనా రాగైనా ఒకటే. ఆ డబ్బు స్పీకరుకు పెట్టు.

పెన్‌డ్రైవ్ అన్నిటికంటే నాటుది, అందుకే నాకిష్టం. నెట్ అక్కర్లేదు, ఫోను మోగి పాట ఆగదు. తుపానొచ్చి టవర్లు పడుకున్నా, బ్యాటరీ ఉన్న స్పీకరుంటే పాట ఉంటుంది. ఫ్లాక్ ఫైలు కొన్ని స్పీకర్లు చదవవు, కొనేముందు నీ పెన్‌డ్రైవే పెట్టించి చూడు.

అసలు పని ఇంకోటుంది. అటక మీద మీ ముత్తాత హరికథల క్యాసెట్లున్నాయి. ఈ చెమ్మకు టేపు బూజు పడుతుంది. అది పోతే ఏ వైరూ తిరిగి తేలేదు. స్పీకరు తరవాత కొనుక్కుందాం. ముందు వాటిని యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌లోకి, ఎంపీ3గా కాదు, ఫ్లాక్‌గా ఎక్కించు. రెండు కాపీలు తీసి, ఒకటి మీ అత్తయ్య ఇంట్లో ఉంచు.