మీకు తెలుసా? కీబోర్డుకు అక్షరాలు తెలియవు!

‘ఏ’ అని రాసి ఉన్న మీట నొక్కితే యూఎస్‌బీ కీబోర్డు పంపేది ఆ అక్షరాన్ని కాదు, 4 అనే సంకేత సంఖ్యను. దాన్ని అక్షరంగా మార్చేది అవతలి యంత్రంలోని లేఅవుట్. అందుకే హాస్టల్ గదిలో ఓ మూలన పడి ఉన్న పాత ట్యాబ్‌కు మామూలు ఇంగ్లీషు కీబోర్డు తగిలించినా, అందులో తెలుగు లేఅవుట్ ఉంటే చక్కగా తెలుగు పడుతుంది. యూఎస్‌బీ కీబోర్డు తగిలించే వీలు ఆండ్రాయిడ్ 3.1 (2011) నుంచే ఉంది. ట్యాబ్ ఓటీజీని (యూఎస్‌బీ పరికరాలను తగిలించుకునే సదుపాయాన్ని) అంగీకరించాలి, అంతే.

అలాంటి తెలుగు లేఅవుట్లలో ఇన్‌స్క్రిప్ట్ మరీ ముచ్చటైనది. ‘కె’ మీట నొక్కితే క, షిఫ్ట్‌తో కలిపితే ఖ. హిందీ, కన్నడం, బెంగాలీల్లోనూ ఆ ధ్వనులకు అదే మీట. 1991 నాటి భారత ప్రమాణం ఐఎస్ 13194లో ఈ అమరిక ఉంది. తెలుగులో చేయి తిరిగినవారికి హిందీ టైపింగ్ సగం వచ్చినట్టే!