పాత పాటకు దండ, పాడినోడికి మైకు

హిప్‌హాప్ అంటే టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్న కుర్రోళ్ల గోల అని మనలో చాలామంది కొట్టిపారేస్తారు. అమెరికాలో ఆ గోలకే ఇప్పుడు పాత బంగారమన్న గౌరవం దక్కింది. 2014లో హ్యూస్టన్‌లో ఒక వ్యాపార రేడియో స్టేషన్ పూర్తిగా పాత హిప్‌హాప్‌కు మారింది. వెంటనే ఇంకొన్ని నగరాల స్టేషన్లూ అదే బాట పట్టాయి. సంతోషమే. కానీ ఆ పాట పుట్టిననాడు రేడియో ఎక్కడుంది? ఈ ప్రశ్న అడగకుండా పాత పాటకు దండ వేస్తే చరిత్రను సగమే చెప్పినట్టని మేమంటాం.

ఆ పాట పుట్టింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో. అక్కడ పెద్ద రహదారి కోసం వేలమంది పేదల ఇళ్లు ఖాళీ చేయించారు. 1970లలో వాడలకు వాడలే తగలబడ్డాయి. బీమా డబ్బు కోసం కొందరు యజమానులే నిప్పు పెట్టించారు. అట్లాంటి చోట 1973 ఆగస్టు 11న సిండీ క్యాంప్‌బెల్ అనే నల్లపిల్ల బడి బట్టలు కొనుక్కునే డబ్బు కోసం ఓ పార్టీ పెట్టింది. టికెట్టు ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసింది ఆమె అన్న కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి తాళం ఒక్కటే మోగే ముక్కను, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి సాగదీయడం అతని పద్ధతి. ఆ తాళం మీద మాట ఎక్కితే రాప్ అయింది. వాయిద్యం కొనలేనోళ్లు రికార్డునే వాయిద్యం చేసుకున్నారు.

ఏళ్ల తరబడి ఈ పాట క్యాసెట్ల మీద చేతులు మారుతూ తిరిగింది. మిస్టర్ మ్యాజిక్ అనే ఆయన 1970ల చివర డబ్ల్యూహెచ్‌బీఐ స్టేషన్‌లో సమయాన్ని డబ్బిచ్చి కొని మరీ రాప్ వినిపించాడు. తర్వాత 1990 నుంచి 1998 దాకా కొలంబియా విశ్వవిద్యాలయపు రేడియోలో స్ట్రెచ్, బాబిటో అనే ఇద్దరు కుర్రాళ్లు గురువారం రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారుజాము అయిదింటి దాకా కార్యక్రమం నడిపారు. ఇంకా ఏ కంపెనీ తలుపూ తెరవని నాస్, నటోరియస్ బిగ్ లాంటోళ్లు అక్కడ మైకు పట్టారు. వినేవాళ్లు నిద్ర ఆపుకొని టేపు చేసుకున్నారు.

తేడా ఇక్కడే ఉంది. స్థానిక కార్యక్రమంలో ఏ పాట వేయాలో నడిపేవాడు నిర్ణయిస్తాడు. పేరులేని గాయకుడు నేరుగా లోపలికొస్తాడు. వ్యాపార స్టేషన్ అమ్ముడుపోయిందని తేలిన పాటనే మళ్లీ మళ్లీ వేస్తుంది. అది పాటను గౌరవిస్తుంది గానీ మైకును ఇయ్యదు.

ఇది మనకెందుకు? 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ అమెరికా నల్లవాళ్ల బ్లాక్ పాంథర్ల నుంచే పేరు తీసుకున్నారు. వాళ్ల పోరాటం నుంచి నేర్చుకున్నవాళ్లం, వాళ్ల రేడియో నుంచీ నేర్చుకోవచ్చు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2006లో గానీ స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడిపే అనుమతి రాలేదు. అదీ సొంత వార్తలు చెప్పకూడదన్న షరతుతో. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో మొదలైంది. వ్యవసాయ కూలీల ఇళ్లలోంచి వచ్చిన దళిత స్త్రీలు దాన్ని నడిపారు. తమ యాసలోనే విత్తనాల గురించి మాట్లాడారు, తమ పాటలు తామే వినిపించారు.

మన పాటనేమో 'జానపదం' అని పిలిచి, కట్టినవాళ్ల పేరు మరిచిపోవడం లోకానికి అలవాటు. అందుకే కార్యకర్తలకూ ఉపాధ్యాయులకూ మా మాట ఒకటే. సభలో గానీ తరగతిలో గానీ పాత పాట వినిపించేటప్పుడు ఎవరు కట్టారో, ఏ వాడలో పుట్టిందో, ఎవరు అడ్డుకున్నారో కూడా చెప్పండి. ఆ తర్వాత అదే వాడ నుంచి ఇవాళ పాడే పిల్లను పిలిచి మైకు ఆమె చేతికియ్యండి.