పొడియగు గుండు: పైరు కాచువారు తెలిసికొనవలసిన సంగతులు

ఒకప్పుడు పైరుపచ్చలకు నెలవైన గోపన్‌పల్లి చుట్టును నేడు మేడలు లేచినవి. మిగిలిన చేను ఇంటిగోడకు దగ్గరైనది. ప్రక్కనున్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు వనమున అడవిపందులు గలవు. అక్కడికి చేరువనే గచ్చిబౌలిలో తుపాకి గురి నేర్చు మైదానమును గలదు. ఇట్టి తావున, “తగిలినంతనే పొడియైపోవు గుండు కలదట, దానితో పందిని కొట్టినచో ఇరుగుపొరుగువారికి భయము లేదు గదా?” అను ప్రశ్న పుట్టుట సహజము. ఆ మాట యెంతవరకు నమ్మదగినదో విచారింతము.

సామాన్యపు గుండు సీసముతో చేయబడును. పలువిధములైన గుండ్లకు పైని రాగి తొడుగు ఉండును. పొడియగు గుండు అట్టిది కాదు. రాగిపొడిని తగరపు పొడితోనో, ప్లాస్టిక్ వంటి బంధకముతోనో కలిపి, అచ్చులో గట్టిగా అదిమి చేయుదురు. కొన్నిటిని వేడిచే గట్టిపరతురు. ఇత్తడి గొట్టము, మందు, దానిని అంటించు టోపీ మామూలు తూటాకు వలెనే యుండును. 1945లో అమెరికా వైమానికులు సీసమును బేకలైటును కలిపిన ఇట్టి గుండ్లతో, కవచము తొడిగిన తమ విమానమునే గురిగా చేసికొని అభ్యసించిరి.

నేటికిని దీని ముఖ్యోపయోగము అభ్యాసమే. దగ్గరనుండి ఉక్కుపలకను కొట్టినప్పుడు సీసపు గుండు ముక్కలు వెనుకకు చిమ్మి కాల్చువానినే గాయపరచవచ్చును. పొడియగు గుండు నలిగి రాలును గనుక ఆ యపాయము తగ్గును. సీసము లేనిచో, మూసిన శాలలో సీసపు ధూళి బాధయు తగ్గును.

అయితే పొడియగుటకు గట్టి వస్తువు తగులవలెను. దుక్కినేల, బురద, జంతువు మాంసము అట్టివి కావు. అచ్చట అది పగులక, మామూలు గుండువలెనే దూసికొని పోవచ్చును. గురి తప్పినచో గాలిలో పొడి కానే కాదు. చిన్నదగు పాయింటు 22 గుండే మైలు దాటి పోగలదు. ఆ దారిలో ఎవరి పిల్లలు ఆడుకొనుచున్నారో కాల్చువాడెరుగడు.

ఇక చట్టము. 1959 నాటి ఆయుధ చట్టము ఈ గుండును పేరెత్తి నిషేధింపలేదు. ప్రత్యేకించి మినహాయింపును ఈయలేదు. తూటా యెట్టిదైనను లైసెన్సు లేక ఉంచుకొనరాదు. 2019 సవరణ తరువాత ఈ నేరమునకు సామాన్యముగా రెండేండ్లకు తక్కువ గాక ఐదేండ్లవరకు శిక్ష, జరిమానా విధింపవచ్చును. నిజముగా పైరు కాచుకొనువానికి మూతినుండి మందు దట్టించు తుపాకికి 13వ సెక్షను క్రింద లైసెన్సు ఈయవచ్చును. అది చాలదని అధికారికి తోచినచో నునుపు గొట్టపు తుపాకికి ఈయవచ్చును. పొడియగు గుండ్లు ముఖ్యముగా రైఫిళ్లకు, పిస్తోళ్లకు చేయబడునవి. మూతినుండి దట్టించు తుపాకిలో ఆ తూటా పట్టనే పట్టదు.

తుపాకికి లైసెన్సు ఉన్నంతమాత్రమున పందిని చంపు హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అధికారముగల అధికారి వ్రాతపూర్వకమైన ఆజ్ఞ వేరుగా కావలెను.

కావున రైతు సోదరులు క్రొత్త తూటాను నమ్మి మోసపోకుందురు గాక. కరెంటు తీగ కట్టుట మనుష్యుల ప్రాణమునకే ముప్పు. దాని జోలికి పోరాదు. పంట నష్టమును వ్రాసియుంచి, సభ్యులందరు కలసి అటవీ శాఖకు అర్జీ పెట్టుకొనుట మేలు. ఒక్కని తుపాకికంటె పదుగురి చేవ్రాలు పైరునకు చక్కని కాపు.